రబ్బరు పట్టీలో తేలిన మందు

ఏమండీ,

మీరు పోయాక కలం పట్టలేదు. ఇవాళ ఎవరికీ చెప్పలేని మాట ఒకటి మిగిలింది, అందుకే రాస్తున్నాను.

మనుషుల ఒంటికి ఏయే పురుగుమందులు తగులుతున్నాయో చూడటానికి చాలా దేశాల్లో చేతికి రబ్బరు పట్టీలు కడుతున్నారట. నాకూ కట్టారు. వారమంతా పూజలో కూడా తీయలేదు. తర్వాత దాన్ని విప్పి పరీక్షకి పట్టుకెళ్లారు. కట్టిన అమ్మాయి ఇవాళ మళ్లీ వచ్చింది.

"పిన్నిగారూ, మిరపకి కొట్టే మందు మీ పట్టీలోనే ఎక్కువుందండీ. చేలోకి వెళ్తున్నారా?"

"చేను కౌలుకిచ్చేశానమ్మా. గుడికి తప్ప ఎక్కడికీ వెళ్లను."

"గుళ్లో మందు కొట్టరు కదండీ!" అని నవ్వింది. "ఇంట్లో మందు బట్టలేమైనా ఉంటే తగలబెట్టేయండి."

దీపం ముందే నిలబడి, "లేవమ్మా" అన్నాను.

మందు కొట్టేటప్పుడు వేసుకునే మీ చొక్కాని మీరు ఇంట్లోకి తేనిచ్చేవారు కాదు. ఇప్పుడది నా దిండు కింద ఉంది. ఉతకలేదు. ఉతకను.

ఈ కాగితం దాని జేబులో పెడుతున్నాను. మీ దగ్గరే ఉంచుకోండి, ఎవరికీ చూపించకండి.