గద్ద ముక్కు కింద చుక్క

ఒహాయో రాష్ట్రం జేన్స్‌విల్‌లో గడియారాలు బాగుచేసి బతికిన ఆర్డిస్ హోల్కోంబ్ అనే నేను, డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో, మోకాళ్ళు తప్ప తక్కినవన్నీ సరిగ్గా పనిచేస్తుండగా, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తంతో వ్రాసిన వీలునామా. ఇంతకుముందు వ్రాసినవి చెల్లవు.

1. నా తదనంతరం ఇల్లు, భూతద్దం, నాణేల పెట్టె నా మేనకోడలు కోరలీకి చెందవలెను. దీని అమలు బాధ్యత కూడా ఆమెదే. పెట్టెలోవన్నీ 1827 నాటి వెండి అర డాలర్లు. అన్నీ ఒకటేగా అనవద్దు. ఆ రోజుల్లో నాణేలు కొట్టే అచ్చులు చేత్తో చెక్కేవారు, ఒక్కో అచ్చుకు ఒక్కో వంకర. నలభై ఒక్క వంకరలు ఏరడానికి ముప్ఫై అయిదేళ్ళు పట్టింది. ఆదివారాలు పాత సామాన్ల సంతలకు కారు నడిపింది నా భర్త వారెన్. నేను వెతుకుతుంటే ఆయన ఆపిల్ కూరిన తీపి రొట్టె తిని కారులోనే నిద్రపోయేవాడు. ఆ ఆదివారాల్లో ఒక్కటి తిరిగొచ్చినా ఈ పెట్టె మొత్తం ఇచ్చేస్తాను.

2. తమ్ముడు రోలండ్‌కు 1843 నాటి వెండి డాలరు. నూట యాభై ఏళ్ళ నల్లదనాన్ని వంటసోడా వేసి తోమి, "అక్కా, ఎంత తళతళలాడుతోందో చూడవే!" అని తెచ్చిన మహానుభావుడు. తోమితే పాత నాణెం విలువ పోతుంది, మా నాణేలవాళ్ళెవరూ దాన్నిక ముట్టరు. అతనే ఉంచుకోవలెను.

3. ఎల్డన్ ప్రూయిట్ రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు. మా నాణేల క్లబ్బులో నేను చేరిన రోజున, "గుండీలు ఏరుకోక నీకెందుకమ్మా ఈ వెండి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను మరవలేదు. 1984లో అతనొక 1827 అర డాలరు తెచ్చాడు. దాని వెనకవైపు గద్ద బొమ్మ, ఆ గద్ద ముక్కు కింద చిన్న చుక్క. అది అచ్చులోదే, ఇది కొత్త రకం అన్నాడు. "దేనికో కొట్టుకుని లేచిన బొబ్బయ్యా అది!" అన్నాను. ఈసారి నవ్వు అతని మీద. అదే చుక్కతో రెండో నాణెం కనబడితే తప్ప కొత్త రకం, అచ్చుల రకాలన్నీ నమోదు చేసే మా పుస్తకంలోకి ఎక్కదు, కనిపెట్టినవాడి పేరూ ఎక్కదు. మరుసటి ఏడాదే ఆ రెండోది నాకు సంతలో దొరికింది. ఎవరికీ చెప్పలేదు. ఎల్డన్ క్లబ్బుకు రావడమే మానేశాడు. ఇరవై ఏళ్ళుగా సిగ్గుపడుతున్నాను. సదరు నాణెం నా తదనంతరం అతనికి చెందవలెను.

4. మూడో అంశంలోని చివరి వాక్యం కొట్టివేయడమైనది. ఎల్డన్‌ను సాక్షిగా పిలుద్దామంటే, ఇందులో వాటా ఉన్నవాడు సాక్షి కాకూడదని లాయరు ఆపాడు. అప్పుడు నాకే తెలిసివచ్చింది, చచ్చాక ఇస్తే అతని ముఖం చూడనక్కర్లేదనే కదా ఈ ఏర్పాటు! ఈ ఉదయం అతన్ని తన నాణెంతో రమ్మని, రెండూ పక్కపక్కన పెట్టి, నాది అతని చేతికే ఇచ్చేశాను. కనిపెట్టింది అతనేనని పుస్తకంవాళ్ళకు నేను వ్రాసిన ఉత్తరమూ చూపించాను. చాలాసేపు భూతద్దంలో చూశాడు.

"ఎప్పుడు దొరికింది?" అన్నాడు. చెప్పాను.

"ఎనభై అయిదులో మా ఆవిడ ఐరీన్ బతికే ఉంది. నన్ను నమ్మింది అదొక్కతే."

క్షమించమన్నాను. క్షమించానని అనలేదు. "కలం ఇటివ్వు" అన్నాడు.

2005 అక్టోబరు 11, మంగళవారం.

(సంతకం) ఆర్డిస్ హోల్కోంబ్

సాక్షులు:
మేబెల్ స్టౌటన్, పక్కింటావిడ
ఎల్డన్ ప్రూయిట్, ఈ వీలునామా వల్ల ఏమీ పొందనివాడు