నీ గ్లాసులో చక్కెర

వెంకటప్పా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. ఇన్నాళ్లూ అటు పోబుద్ధి కాలేదు గానీ, పొద్దున ఏడురోడ్ల దగ్గరి మన టీ అంగడికి పోయి, అలవాటుగా చక్కెర లేకుండా రెండు టీలు చెప్పాను.

అంగడి మస్తాన్ నసిగాడు. "ఆయప్పకు ఎప్పుడూ చక్కెర ఏసే ఇస్తాంటి సార్. నీకు చెప్పొద్దనె."

ఇద్దరికీ షుగరని తేలిన రోజు నాతో ఒట్టు పెట్టించింది నువ్వే. మూడేళ్లు రోజూ నా గ్లాసులో ఒక గుక్క రుచి చూసి, "సరే, తాగప్పా" అనేవాడివి. నీకు భయపడే చక్కెర మానేశాను. నా షుగరు దిగింది. నీ గ్లాసు రుచి చూడాలని నాకెన్నడూ తోచలేదు.

ఈరోజు నీకు పోసినట్టే పోయించి, ఒక గుక్క తాగాను. పాయసమప్పా అది, మోసగాడా!

మిగిలింది పారబోసి, నా చప్పటి టీ తాగి వచ్చాను.