పక్క గేటు దగ్గర పదకొండింటికి

రూబెన్ మామయ్యకు,

ఎనిమిది వికెట్లు తీసి అలసి వస్తూ మీరు పొరపాటున, జీతం లేకుండా ఆడే దొరల నడిమి గేటులో అడుగు పెడితే, కౌంటీ క్రికెట్ క్లబ్బు కార్యదర్శి హాల్డెన్ దొర జనమంతా చూస్తుండగా మిమ్మల్ని వెనక్కి పంపాడు. "రూబెన్, జీతానికి ఆడేవాళ్ల గేటు అటు" అన్నాడు. మీరు టోపీ తీసి, మైదానం అంచున చుట్టూ నడిచి పక్క గేటులోంచి వెళ్లారు.

ఇక శనివారం ఆడనని, మళ్లీ బొగ్గు గనిలోకి దిగుతానని అంటున్నారట. "పదిహేనేళ్లలో ఒక్కసారి దగ్గర దారిన వచ్చాడు, అదే తప్పయిపోయింది" అని అత్తయ్య దెప్పింది. మీ తెల్ల చొక్కా మాత్రం ఉతికి ఆరేసింది.

మీరు మానేస్తే గెలిచేది హాల్డెనే. చెమటోడ్చేవాడిదే ఆట అని నిన్న గని దగ్గర కార్మికులకు కరపత్రం చదివి వినిపించాను. ముసలి ఎనక్ మధ్యలోనే ఆపేశాడు. "అది మడిచి జేబులో పెట్టుకోరా. మేం ఎక్కడ నిలబడాలో చెప్పు."

చెప్పాను. రాత్రి షిఫ్టు వాళ్లంతా మసి మొహాలతోనే వస్తారు. కెప్టెన్ దొరను ఆ నడిమి గేటులోంచి చప్పట్లు లేకుండానే దిగనీండి. చప్పట్లన్నీ మీ గేటు దగ్గరే మోగుతాయి.

బంతి పట్టుకుని రండి. శనివారం ఉదయం పదకొండు గంటలకు, పక్క గేటు దగ్గర.

మీ మేనల్లుడు