కొల్లేటి అడుగున మా చేను

సరస్వతి టీచర్ గారికి నమస్కారమండీ.

నాన్న పేర నాలుగెకరాలున్నాయని యూనివర్సిటీలో నా స్కాలర్‌షిప్ ఆపారని చెప్పాను కదండీ. ఆ చేను నేను పుట్టకముందే కొల్లేట్లో మునిగిపోయింది. మొన్న పొద్దున్నే వీఆర్వో గారు చూడటానికి వస్తే, మంచులో పడవ మీద వెళ్లాం. నీళ్లూ ఆకాశమూ ఒకటిగా ఉన్నాయి. నాన్న ఒకచోట గెడకర్ర దించి, "ఇదేనండీ మా గట్టు" అన్నారు. మా చేను నేనూ అప్పుడే చూశాను. అడుగున నాచు వరిలా మెల్లగా ఊగుతోంది. వీఆర్వో గారు చాలాసేపు చూసి, సాగు లేదని రాసిచ్చారు. ఆ కాగితం చూసి ఆఫీసులో స్కాలర్‌షిప్ ఇస్తామన్నారండీ.

ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు నాన్న పడవను చుట్టుదారిన నడిపారు.

"సూటిగా పోతే దగ్గర కదండీ?" అన్నారు వీఆర్వో గారు.

"చేను తొక్కుకుంటూ ఎలా పోతామండీ?" అన్నారు నాన్న.

మీ విద్యార్థిని