విత్తనం కాయలు ఒలిచిన క్లాసు

సార్,

ఈరోజు రాప్తాడులో నా క్లాసు పిల్ల గంగమ్మ బడికి రాలేదు. ఇంట్లో విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తోందని తెలిసి, పిల్లలందరినీ అక్కడికే తీసుకెళ్లాను. చిన్నప్పుడు నేను రాకపోతే మీరూ అంతే చేశారు. మా వాకిట్లో కూర్చుని నాతోపాటు కాయలొలుస్తూ, "పొద్దన్నుంచి ఒలుస్తానే ఉండావు కదా, అదే ఇంగ్లీషులో చెప్పు" అన్నారు. గంప ఖాళీ అయ్యేలోపు ఇంగ్లీషంటే నా భయం పోయింది. ఆ ధైర్యమే నాకీ ఉద్యోగం తెచ్చింది.

గంగమ్మ కూడా చెప్పింది: "ఐ హావ్ బీన్ షెల్లింగ్ సిన్స్ మార్నింగ్."

వాళ్లమ్మ మురిసిపోయింది. "ఇట్ల చెప్పిచ్చేది యాడ నేర్చుకుంటివి సార్?"

"మా సారు ఇట్లనే చెప్పిచ్చినాడమ్మా."

"ఈ తూరి వచ్చేటప్పుడు ఆ సారును గూడా పిల్చుకోని రా. అన్నం తిని పోదురు."

సరేనన్నాను. మీరు పోయి ఏడాదైందని చెప్పబుద్ధి కాలేదు.