నూట నలభయ్యో లైను

చిరంజీవి మా అమ్మడిని దీవించి నాన్న రాస్తున్న సంగతులు.

ఇక్కడ అందరం బాగున్నాం, కాలిన నా నాలుక తప్ప. పొద్దున మీ అమ్మ కాఫీ దించిందో లేదో నోట్లో పోసుకున్నాను. అరవై మూడేళ్ళొచ్చినా ఒక్క నిమిషం ఆగడం చేతకాలేదని మీ అమ్మ చీవాట్లు పెట్టింది. అక్కడ మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. అమ్మ కంటి కట్టు విప్పేశారు. ఇప్పుడు చూపు ఎంత బాగుందంటే, అటక మీది బూజుతో పాటు నేను గడ్డం సరిగ్గా గీసుకోని చోట్లు కూడా కనిపెడుతోంది. నీ గది కిటికీ గడియ బాగుచేయించాం. ఇక గాలికి కొట్టుకోదు.

మా ల్యాబులోని పాత మీటరు వెనక స్టిక్కరు మీద మోడల్ నంబరు చూడమన్నావు, చూశాను. చివరి అక్షరం చెరిగిపోయింది. భూతద్దం పెట్టినా తేలలేదు. నువ్వు చెప్పినట్టే తయారుచేసిన కంపెనీకి రాశాం. ఆ కంపెనీని ఎప్పుడో ఇంకొకరు కొన్నారట, వాళ్ళని మరొకరు కొన్నారట. ఆ చివరివాళ్ళు ఇలాంటి మీటరు మేమెప్పుడైనా చేశామా అని తిరిగి మమ్మల్నే అడిగారు. నువ్వు వెతికి పంపిన చిరునామాల్లో, పాత పరికరాలు ఇంటినిండా పోగేసుకునే పెద్దమనిషి ఒకాయన మాత్రం పాపం తన దగ్గరున్న సాఫ్ట్‌వేర్ కాపీ తీసి పంపాడు. అది దీని తరవాత వచ్చిన మోడల్‌దట. ఎక్కించి చూస్తే మన మీటరు ఒక్కసారి కీచుమని మొహం తిప్పేసుకుంది. నువ్వు లైబ్రరీలో పాత కాగితాల మధ్య పనిచేస్తావు కాబట్టి నీకు దొరకనిది ఉండదనుకున్నాను. నీ తప్పేం లేదు, ఆ సాఫ్ట్‌వేర్ ఇక ఎక్కడా లేనట్టే ఉంది.

పెద్దాయన సంగతి నీకు తెలుసు. ల్యాబులో ఆ మీటరుని అందరం అలాగే పిలిచేవాళ్ళం కదా. బయటి నుంచి వచ్చే మీటర్లన్నీ సరిగ్గా చూపిస్తున్నాయో లేదో ఆయన పక్కన పెట్టి చూసేవాళ్ళం. ఆయన ఇప్పటికీ దిట్టంగానే ఉన్నాడు. ఆయనతో మాట్లాడే పాత కంప్యూటరు పోయింది, అందులోని ప్రోగ్రామూ దానితోపాటే పోయింది. నా కుర్చీలోకి వచ్చిన కొత్త ఇంజినీరు, నీకంటే చిన్నది, నెలాఖరు దాకా చూస్తానంది. ఆలోగా ప్రోగ్రాం దొరక్కపోతే పెద్దాయన పాత సామాను గదికి వెళ్ళిపోతాడు.

ఇక నీ చివరి ప్రశ్న. "ఇన్నాళ్ళూ అది ఏ ప్రోగ్రాంతో నడిచింది నాన్నా?" అని అడిగావు. దానికి జవాబు రాయలేకే పైదంతా సాగదీశాను.

ఆ ఇంజినీరు నన్ను ఎందుకు పిలిపించిందో నీకు చెప్పలేదు. "ప్రోగ్రాం మీరే రాశారట కదా సార్, మళ్ళీ రాసిపెట్టండి" అంది. నాకు తల తీసేసినట్టయింది. అలాగేనన్నాను. మూడు రోజులు వెళ్ళి ఆ తెర ముందు కూర్చున్నాను. ఒక్క లైను రాయలేదు. రాయడం నాకు రాదు. కంపెనీవాళ్ళ పాత సాఫ్ట్‌వేర్ ఎక్కడైనా దొరికితే నా పరువు దక్కుతుందని నిన్ను వెతకమన్నాను. అంతే తప్ప పెద్దాయన మీద ప్రేమతో కాదు.

ఇన్నాళ్ళూ అది నీ ప్రోగ్రాంతో నడిచింది తల్లీ. ఇరవై రెండేళ్ళు నడిచింది.

నీ ఉత్తరం అడుగున, నువ్వు రాసిన ప్రోగ్రాం ఉన్న ఆ పాత ఫ్లాపీ ఇప్పటికీ నీ బీరువాలోనే ఉందని, తప్పు రీడింగులిచ్చేది కాబట్టి పనికిరాదని రాశావు. "ఆ తప్పెక్కడుందో తీరికున్నప్పుడు ఇప్పటికీ ఆ కాగితాలు తీసి వెతుకుతుంటాను, నవ్వుకో" అని కూడా రాశావు. నాకు నవ్వు రాలేదు. ఆ ముక్క చదివాక రెండు రోజులు మీ అమ్మ మొహం చూడలేకపోయాను.

జరిగింది చెబుతాను. ఆ వేసవి సెలవుల్లో, పదిహేడేళ్ళదానివి, భోజనాల బల్ల మీద మీటరు పుస్తకం పెట్టుకుని నువ్వు ఆ ప్రోగ్రాం రాశావు. మీటరు ఆన్ చేశాక అరగంట వేడెక్కితే గానీ నిజం చెప్పదని నీకు తెలుసు. ఆ అరగంట నేను ఆగనని కూడా తెలుసు. అందుకే నూట నలభయ్యో లైనులో, ఇంగ్లీషు అక్షరాల్లో "ఆగు నాన్నా, ఇంకా వేడెక్కలేదు" అని తెర మీద కనబడేలా పెట్టావు. నేను ఫ్లాపీ పట్టుకుని ల్యాబుకి వెళ్ళాను. పై అధికారికి చూపించబోయే ముందు ఆ మాట కంటబడింది. ఇంతమందీ చూస్తారు, పిల్ల రాసిచ్చినది తెచ్చాడని నవ్వుకుంటారనిపించింది. ల్యాబు కంప్యూటరులోకి ఎక్కించుకున్న కాపీలో ఆ లైను చెరిపేశాను.

ముప్పై నిమిషాలు ఆగమనే ఆజ్ఞ కూడా నువ్వు అదే లైనులో, ఆ మాట పక్కనే పెట్టావు. మాటతో పాటు అదీ పోయింది. ఆన్ చేసిన మీటరు చల్లగా ఉండగానే కొలతలు తీసుకుంది, అన్నీ తప్పులే వచ్చాయి. అందరి ముందూ నీళ్ళు నమిలి, ఇంటికొచ్చి ఆ కోపం నీ మీద చూపించాను. "నీ ప్రోగ్రాం తప్పుల తడక, ఇది నీవల్ల అయ్యే పని కాదు" అన్నాను. ఇంట్లో మీటరు లేదు కాబట్టి నువ్వు ఆ కాగితాల మీదే తప్పు వెతుక్కున్నావు. తప్పు ఉంటే కదా దొరకడానికి.

నెల తరవాత, పొద్దుటి నుంచి ఆన్‌లో ఉన్న మీటరు మీద ఊరికే నీ ప్రోగ్రాం నడిపి చూస్తే అంకెలన్నీ సరిగ్గా వచ్చాయి. అప్పుడు అర్థమైంది. నీ కాగితం చూసి ఆగమనే ఆజ్ఞ మళ్ళీ పెట్టాను. నీ మాట మాత్రం పెట్టలేదు. అధికారి చూసి, "ఇది నువ్వే రాశావా?" అని నన్ను అడిగాడు. నోటితో ఔననలేదు, తల ఊపాను. నోరు అబద్ధమాడలేదు కదా అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను.

ఇంతవరకైనా నువ్వు మన్నిస్తావేమో. దాచిపెట్టింది ఇంకొకటుంది. నేను తల ఊపిన రోజుకి, నీ కాలేజీ దరఖాస్తుకి ఇంకా తొమ్మిది రోజుల గడువుంది. బల్ల మీద ఫారం ఉంది. ఇంజినీరింగ్ అని రాసినదాన్ని నువ్వు అప్పటికే కొట్టేసి ఉన్నావు. ఆ కొట్టివేత నేను చూశాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే తొమ్మిది రోజులూ గడిపేశాను. కాఫీ చల్లారేదాకా ఆగలేనివాడిని, అక్కడ మాత్రం ఎంతో ఓపికగా ఆగాను. ఎందుకు లైబ్రరీ పని ఎంచుకున్నావని ఎవరడిగినా, పుస్తకాలు తప్పు రీడింగులివ్వవు కదా అని నువ్వు నవ్వినప్పుడల్లా నేనూ అందరితో పాటు నవ్వాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న మీ అమ్మకి చెప్పాను. కూరగాయలు తరుగుతున్న కత్తిపీట పక్కకి పెట్టేసింది. "పిల్ల ఆ వేసవంతా కంచంలో పెట్టింది పెట్టినట్టే వదిలేసి ఆ కాగితాలు పట్టుకుని కూర్చుంది. మీరు చూస్తూ ఊరుకున్నారా?" అంది. పొద్దున కాఫీ ఇస్తూ నాలుక గురించి తిట్టిందే మళ్ళీ మొదటి మాట.

ఉత్తరం రాసి కూడా పోస్టు చేయకుండా దాచేసుకుంటానేమోనని, నా మీద నాకే నమ్మకం లేక, ముందుగా ల్యాబుకి వెళ్ళి ఆ ఇంజినీరుకి చెప్పేశాను. గోడ మీద పెద్దాయన గురించి రాసిపెట్టిన కాగితంలో, ప్రోగ్రాం అన్నచోట నా పేరు మీద గీత కొట్టి, "మీ అమ్మాయి పేరు చెప్పండి సార్" అని పెన్ను పట్టుకుని నిలబడింది. చెప్పాను. అక్షరం అక్షరం చెప్పాను.

ఫ్లాపీ పంపమని నేను అడగడం లేదు. అడిగే మొహం నాకు లేదు. పెద్దాయన పాత సామాను గదికి వెళ్తే వెళ్ళనీ. ఇవ్వాలో వద్దో అది నీ ఇష్టం, ఆ ఇంజినీరు చిరునామా వెనక రాశాను. నువ్వు నాకు జవాబు రాసి తీరాలని కూడా లేదు.

ఒక్కటి మాత్రం చెయ్యమ్మా. ఈసారి తీరిక దొరికినప్పుడు ఆ కాగితాలు తీయకు. ఆ తప్పు కోసం ఇక వెతకకు. అది ఇన్నాళ్ళూ ఇక్కడ, నా దగ్గరే ఉంది.

ఇట్లు,
నువ్వు ఆగమన్నా ఆగని
నాన్న