నీ గది లోపలి గడియ

సరోజా,

నువ్వు పోయి ఏడాదైంది. కామారెడ్డి పాతబజారులో నీ సింగిల్ బెడ్‌రూం ఫ్లాటు అమ్మకానికి పెట్టారని తెలిసి, కొనేదానిలా ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కి వెళ్ళాను.

“ఒక్కటే బెడ్‌రూం అవ్వా, మీ ఇంటిల్లిపాదికి ఏడ సరిపోతది?” అన్నాడు బ్రోకరు.

“సరిపోవద్దనే చూస్తున్న బిడ్డా.”

నువ్వు కొన్నప్పుడు, “ఒక్కదానివి ఎట్లుంటవే?” అని తోటి టీచర్లందరి ముందు జాలిపడ్డాను. నిజానికి కుళ్ళుకున్నాను. నీకు తెలుసనుకుంటా, నవ్వి ఊరుకున్నావు.

మా ఇంట్లో పదిమందిమి. పగలు నేను గడియ వేసుకుంటే, ఏమైందోనని తలుపు బాదుతారు. నీ గదిలో గడియ వేసుకుని, నువ్వు కూర్చునే కిటికీ పక్కన కూర్చున్నాను.

“అవ్వా, లోపల ఏం జేస్తున్నవ్?” బయటి నుంచి బ్రోకరు.

“ఏం జేస్తలేను.”

నువ్వు రోజూ అనగలిగిన ఆ మాట నాకు ఇప్పటికి దొరికింది. తలుపు వెంటనే తీయలేదు.